వారానికోసారి రాక్ బ్యాండు సాధన: గది కుదుర్చుకోవడం నుంచి వైర్లు చుట్టే దాకా

ఉద్యోగాలూ చదువులూ చూసుకుంటూ సరదాకు రాక్ పాటలు వాయించే నలుగురైదుగురు వారానికి ఒకసారి కలిసి రెండున్నర గంటలు సాధన చేయడం పైకి తేలికైన పనిగానే కనిపిస్తుంది. మేమూ అలాగే అనుకొని తిరుపతి కొర్లగుంటలో ఒక మేడ మీది గది తీసుకొని, ప్రతి ఆదివారం ఒకే పాటను మొదటి నుంచి చివరి దాకా ఎనిమిది సార్లో పది సార్లో వాయించి, చెవులు గుయ్‌మంటుండగా ఇళ్లకు వెళ్లేవాళ్లం. ఒకనాడు మెట్లు దిగుతుంటే కింది వాటాలో ఉండే పెద్దావిడ, “ఏం నాయనా, నెల దినాలుగా అదే పాట వాయిస్తా ఉండారు, ఇంకా రాలేదా?” అని అడిగారు. ఆమె ఎగతాళికి అనలేదు, తెలుసుకుందామనే అడిగారు. మా దగ్గర జవాబు లేదు. పాట మాకు రాకపోవడం కాదు, ఎవరి భాగం వారికి వచ్చు. ఒక భాగం ముగిసి ఇంకొకటి మొదలయ్యే అతుకుల దగ్గర మాత్రం ప్రతిసారీ చెదిరిపోయేది, చెదిరిన ప్రతిసారీ మేము మళ్లీ మొదటికి వెళ్లేవాళ్లం. ఆ తర్వాత మార్చుకున్న పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. మీరు కొత్తగా బ్యాండు కట్టుకుంటున్నవారైతే దీన్ని ఉన్నదున్నట్టు పాటించి, రెండు నెలల తర్వాత మీకు తగినట్టు సవరించుకోండి.

గది

ముందుగా కింది అంతస్తులో గది దొరుకుతుందేమో చూడండి. డ్రమ్స్‌లో కాలితో తొక్కే కిక్, బేస్ గిటారు పుట్టించే అదురు గోడల కంటే స్లాబు గుండా ఎక్కువగా ప్రయాణిస్తుంది కాబట్టి, మేడ మీద వాయిస్తే కింద కాపురముండేవారికి పాట వినిపించదు, దెబ్బలు మాత్రమే వినిపిస్తాయి. రేణిగుంట రోడ్డు, కరకంబాడి రోడ్డు వైపు ఆదివారం మూసి ఉంచే గోదామో దుకాణం వెనక గదో తెలిసినవారి ద్వారా అడిగి చూడడం మేలు. రేకుల కప్పు ఉన్న గది చవకగా వస్తుంది; అయితే మే నెలలో అందులో అరగంట కూర్చోలేరు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన పడితే రేకుల చప్పుడులో మీ పాట మీకే వినబడదు.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించే పని పెట్టుకోకండి. అవి తేలికైనవి కాబట్టి బయటికి పోయే శబ్దాన్ని ఆపలేవు. గదిలోని ప్రతిధ్వనిని కొంచెం తగ్గించి, ఏదో చేశామన్న తృప్తిని మాత్రం ఇస్తాయి. శబ్దాన్ని ఆపేది బరువు, గాలి చొరకుండా మూసిన సందులు. తలుపు కింది సందుకు మందపాటి రబ్బరు పట్టీ కొట్టించి, కిటికీ రెక్కలు బిగించి, వాటి మీద పాత బొంతలు వేలాడదీస్తే అట్టల కంటే ఎన్నో రెట్లు ఫలితం ఉంటుంది. డ్రమ్స్ కింద పాత పరుపు మీద ప్లైవుడ్ పలక వేసి దానిపై కార్పెట్ పరిస్తే నేల గుండా పోయే అదురు తగ్గుతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు పరిమితి ఇంకా తక్కువ. హాస్టళ్లు, కాలేజీలు, ఆసుపత్రులు ఇంత దగ్గరదగ్గరగా ఉండే తిరుపతిలో గదికి బయానా ఇచ్చే ముందు ఆ వీధిలో ఒకసారి నడిచి చూడండి. గది కుదిరాక ఇరుగుపొరుగుకు మీరే ముందుగా వెళ్లి ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకో చెప్పి, ఒకరి ఫోన్ నంబరు ఇచ్చి రండి. చెప్పిన వేళకు ఆపేవారిని జనం ఓర్చుకుంటారు. మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు నడిచే వారాల్లో డ్రమ్స్ మానేసి కరెంటు అక్కర్లేని చెక్క గిటార్లతో సరిపెట్టుకోవడం మర్యాద. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో మాత్రం మీరెంత గట్టిగా వాయించినా అడిగేవారుండరు.

రోజు, వేళ

శనివారం పెట్టుకోకండి. ఆ రోజు కొండకు వచ్చే రద్దీతో లీలామహల్ కూడలి నుంచి అలిపిరి దాకా బండి కదలడమే కష్టం. పైగా హోటళ్లలో, కొండ మీది కొలువుల్లో పనిచేసే సభ్యులకు సెలవు దొరకదు. మాకు ఆదివారం మధ్యాహ్నం మూడున్నర నుంచి ఆరు వరకు కుదిరింది. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజుల్లో వచ్చే ఆదివారాన్ని ముందే సెలవుగా ప్రకటించడం నయం, లేకపోతే ఇద్దరు వచ్చి ముగ్గురి కోసం గంటసేపు ఎదురుచూస్తారు.

ఒకరు రాలేకపోతే సాధన ఆగకూడదు. డ్రమ్మరు రాని వారం గొంతులు, కార్డ్స్ (ఒకేసారి కలిపి మీటే స్వరాల గుత్తులు) సరిచూసుకోండి. పాడేవారు రాని వారం డ్రమ్స్, బేస్ మాత్రమే కలిపి వాయించండి. నిజానికి అటువంటి వారాల్లోనే లోపాలు బాగా బయటపడతాయి. ఇద్దరు రాకపోతే మాత్రం రద్దు చేసి, ఆ సంగతి ముందు రోజు రాత్రికే అందరికీ తెలియజేయండి.

కరెంటు

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా పాడే కుర్రాడు మైకుకు పెదవులు తాకించి ఒక్కసారి వెనక్కి ఎగిరిపడ్డ మధ్యాహ్నం నాకింకా గుర్తుంది. అతని మెడలో గిటారు ఉంది. గిటారు తీగలు జాక్ వైరు గుండా ఆంప్ (గిటారు ధ్వనిని పెంచే పెట్టె) లోపలి లోహపు చట్రానికి కలిసి ఉంటాయి; మైకు మీది జాలీ తన వైరు గుండా మిక్సరు (మైకుల ధ్వనిని కలిపి స్పీకర్లకు పంపే పెట్టె) చట్రానికి కలిసి ఉంటుంది. ఆంప్ ఒక మూలనున్న ప్లగ్గు నుంచి, మిక్సరు ఇంకో మూలనున్న ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటూ, ఆ రెండింటిలో ఏ ఒక్కదానికి ఎర్తింగు లేకపోయినా, రెండు చట్రాల మధ్య వోల్టేజి తేడా ఏర్పడి, చేతి నుంచి పెదవి దాకా మనిషే వైరుగా మారతాడు.

అందుచేత గదిలో సామాను దించకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగు నిజంగా ఉందో లేదో మీటరుతో చూపించుకోండి. ప్లగ్గులో మూడో రంధ్రం కనిపించినంత మాత్రాన దాని వెనక వైరు ఉన్నట్టు కాదు. తర్వాత ఆంపులు, మిక్సరు, స్పీకర్లు అన్నింటినీ ఒకే బోర్డు నుంచి, మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు ద్వారా నడపండి. లోడు గురించి భయం అక్కర్లేదు: 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్ల ప్లగ్గు సుమారు 1,380 వాట్లు మోస్తుంది, చిన్న బ్యాండు సాధన సామానంతా కలిపినా సాధారణంగా అంత లాగదు. ఏసీని మాత్రం అదే బోర్డుకు తగిలించకండి. గుంయ్‌మనే హమ్ శబ్దం పోవడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. హమ్ పోతుంది, దానితోపాటు ప్రాణరక్షణ కూడా పోతుంది. సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను పట్టే ఒంటి తీగచుట్ట) ఉన్న గిటారులో గరగర వస్తుంటే ముందు ఫ్యాను రెగ్యులేటరును అనుమానించండి. దాన్ని నిండుగా తిప్పితే చాలాసార్లు ఆ గరగర తగ్గుతుంది, తిరుపతి ఎండల్లో ఎలాగూ నిండుగానే తిప్పుతాం.

పాటల ఎంపిక, శ్రుతి

మొదటి మూడు నెలలకు ఐదు పాటలు చాలు. వాటిలో రెండు నాలుగు కార్డ్స్ మించనివి ఉండాలి. బాబ్ డిలన్ 1973లో విడుదల చేసిన ‘నాకిన్ ఆన్ హెవెన్స్ డోర్’ మొత్తం జీ, డీ, ఏ మైనర్, సీ అనే నాలుగు కార్డ్స్‌తో నడుస్తుంది కనుక, వేళ్ల గురించి ఆలోచించకుండా ఒకరినొకరు వినడం నేర్చుకోవడానికి అది సరిపోతుంది. రెండో గిటారు వాయించేవారు ఇంకా దొరకని బ్యాండ్లకు వైట్ స్ట్రైప్స్ వారి 2003 నాటి ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ మంచిది. అందులో అందరూ బేస్ అనుకునే ఆ ధ్వని నిజానికి ఒక స్థాయి కిందికి దించే పెడల్ గుండా వాయించిన గిటారు, ఆ బ్యాండులో బేస్ వాయించేవారే లేరు. మీ దగ్గర బేస్ ఉంటే నేరుగా దానికే అప్పగించవచ్చు.

పాట ఎంచుకున్నాక తొలిగా తేల్చవలసింది శ్రుతి. అసలు గాయకుల గొంతులు చాలావరకు పైస్థాయిలో తిరుగుతాయి. వాటిని అదే శ్రుతిలో పాడాలని పట్టుబట్టి గొంతు చించుకున్నవారిని చాలామందిని చూశాను. మన ఊళ్లో ఒక సౌకర్యం ఉంది. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి, పాడేవారిలో ఎవరో ఒకరు కర్ణాటక సంగీతం నేర్చినవారే తగులుతారు, వారికి తమ శ్రుతి ఎంతో కచ్చితంగా తెలిసి ఉంటుంది. వారు ‘నాది రెండున్నర’ అంటే గిటారు భాషలో అది డీ షార్ప్. ఒకటి శ్రుతి సీ, ఒకటిన్నర సీ షార్ప్, రెండు డీ, మూడు ఈ, నాలుగు ఎఫ్, ఐదు జీ, ఐదున్నర జీ షార్ప్, ఆరు ఏ. ఈ పట్టికను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, సగం వాదనలు అక్కడే తీరిపోతాయి.

శ్రుతి పెంచాలంటే గిటారు మెడకు కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే క్లిప్పు) బిగించవచ్చు, తగ్గించడానికి అది పనికిరాదు. అర మెట్టు (అంటే ఒకటిన్నర నుంచి ఒకటికి) తగ్గించాలంటే గిటార్లు, బేస్ అన్నింటి తీగలనూ అర మెట్టు దించి శ్రుతి చేసుకోవాలి. అంతకంటే ఎక్కువ దించాల్సి వస్తే కార్డ్స్‌నే మార్చుకోవాలి. ఏది చేసినా సాధనకు మూడు రోజుల ముందే నిర్ణయించి చెప్పాలి, గదిలో తేల్చుకుందామంటే ఆ ఆదివారం పోయినట్టే.

ఇంటి పని

పాటను ఎవరి ఇంట్లో వారు నేర్చుకుని రావాలి, కనీసం లయను టక్‌టక్‌మని చెప్పే మెట్రోనోమ్‌తో తప్పు లేకుండా రెండుసార్లు వాయించగలిగేటంతగా. దీనికి తోడుగా ఒకరు పాట నక్షాను ఒక్క పేజీలో రాసి అందరికీ పంపాలి: మొదట మాటల్లేని వాయింపు ఎన్ని బార్లు (ఒక బారు అంటే సాధారణంగా నాలుగు దెబ్బలు), చరణం ఎన్ని బార్లు, పల్లవి ఎన్ని, సోలో ఎవరిది, ఎక్కడ అందరూ ఒక్కసారి ఆగాలి. సినిమా పాటలకు అలవాటుపడిన మన చెవికి ఇక్కడొక చిక్కుంది. మన పాటలో పల్లవి ముందొచ్చి చరణం వెనకొస్తుంది. రాక్ పాట చాలావరకు చరణంతో మొదలై పల్లవికి ఎక్కుతుంది. ఆర్కెస్ట్రాల నుంచి వచ్చిన మా డ్రమ్మరు కొన్నాళ్లు చరణంలోనే బలమంతా చూపించి, పల్లవి వచ్చేసరికి ఎక్కడానికి మెట్టు లేకుండా చేసేవాడు. నక్షాలో ప్రతి భాగం పక్కన ‘సన్నగా’, ‘ఒక మోస్తరు’, ‘నిండుగా’ అని రాసుకున్నాక అది సర్దుకుంది.

ఆక్టోపాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ పలక) నుంచి డ్రమ్స్‌కు వచ్చేవారికి మరో ఇబ్బంది కాలి పని. చేతులతోనే అన్ని దెబ్బలూ పలికించిన అలవాటుకు కిక్ పెడల్ కొత్త. వారికి మొదటి నెల సింబల్స్ అలంకారాలు వద్దని చెప్పి, కిక్, స్నేర్ (కర్రతో కొట్టే ముందరి డ్రమ్ము), హైహ్యాట్ (జంట తాళాలు) మాత్రమే వాయించమనండి. బేస్ వాయించేవారు కిక్ మీదే కన్ను పెట్టి, ఆ దెబ్బతోపాటే తమ స్వరం పడేలా చూసుకుంటే బ్యాండుకు వెన్నెముక తయారవుతుంది.

ఆ రెండున్నర గంటలు

మొదటి పావుగంట సామాను పెట్టుకోవడానికి, శ్రుతి చేసుకోవడానికి. క్లిప్ ట్యూనరు పెట్టుకుని ఆంప్ ఆపేసి నిశ్శబ్దంగా చేయాలి. ఒకరు శ్రుతి చేసుకుంటుండగా మరొకరు తనకొచ్చిన ముక్కలు వాయించే అలవాటును మొదటి వారమే మాన్పించండి, రెండో వారానికి అది మానదు. తర్వాత అందరికీ బాగా వచ్చిన పాట ఒక్కటి వాయించండి, వేళ్లు కదలడానికి.

ఆ పైన యాభై నిమిషాలు కొత్త పాటకు. ఇక్కడే అసలు పని ఉంది. ఒక్కసారి మాత్రం పాటను పూర్తిగా వాయించి, చెదిరిన చోట్లను నక్షా మీద గుర్తు పెట్టుకోండి. వాటిలో రెండింటిని ఎంచుకోండి, అంతకుమించి వద్దు. చెదిరిన అతుకుకు నాలుగు బార్ల ముందు మొదలుపెట్టి, అతుకు దాటాక రెండు బార్లు వాయించి ఆపాలి. పాట వేగం నిమిషానికి 120 దెబ్బలైతే 90 దగ్గర మొదలుపెట్టాలి. వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వచ్చాకే 100కు, ఆ తర్వాత 110కి, చివరికి అసలు వేగానికి పెంచాలి. మూడింటిలో మూడోది తప్పితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. మాకు ఒక పాటలో సోలో ముగిసి చివరి పల్లవి అందుకునే చోటు ఇలా ఇరవై నిమిషాలు పట్టింది. ఆరు సెకన్ల ముక్క. అక్కడ తప్పు ఎవరిదని వారం వారం వాదించుకున్నాం, నెమ్మదిగా వాయించి చూస్తే ఎవరిదీ కాదు: సోలో పదహారు బార్లని నేను లెక్కపెడుతున్నాను, డ్రమ్మరు చివర ఒక బారు ఫిల్ (అతుకు నింపే డ్రమ్ముల ముక్క) కలిపి పదిహేడంటున్నాడు.

టీకి పది నిమిషాలు చాలు. టీ కొట్టు దాకా నడిచి వెళ్తే అది అరగంటవుతుంది, ఫ్లాస్కులో తెప్పించుకోండి.

తిరిగి వచ్చాక వచ్చిన పాటలన్నిటినీ కచేరీలో ఉన్నట్టే వరుసగా, మధ్యలో ఆపకుండా వాయించాలి. ఎవరు తప్పినా ఆగకూడదు, ముఖం కూడా మార్చకూడదు. దారి తప్పినవారు చేతులు ఆపి, తర్వాతి పల్లవి దగ్గర మళ్లీ కలవాలి. వేదిక మీద పనికొచ్చే విద్య ఇదే, దీన్ని విడిగా సాధన చేయకపోతే రాదు.

చివరి ఇరవై నిమిషాలు జామింగ్‌కు, అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడానికి, వదిలేయండి. మొదట్లో పన్నెండు బార్ల బ్లూస్ ఆధారంగా పెట్టుకుంటే అందరికీ దారి తెలుస్తుంది: ఈ కార్డు నాలుగు బార్లు, ఏ కార్డు రెండు, మళ్లీ ఈ రెండు, బీ ఒకటి, ఏ ఒకటి, ఈ రెండు, ఇదే చక్రం తిరుగుతూ ఉంటుంది. దీని మీద సోలో వాయించడానికి ఈ, జీ, ఏ, బీ, డీ అనే ఐదు స్వరాలు సరిపోతాయి. సంగీతం నేర్చిన గాయకులకు ఈ మాట ఇంకోలా చెప్పండి: సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదాలతో ఉన్న శుద్ధధన్యాసి. మధ్యమానికీ పంచమానికీ నడుమ ప్రతిమధ్యమాన్ని తాకి వదిలేస్తే బ్లూస్ వాసన వస్తుంది. మా గాయకుడు ఈ సంగతి తెలిసిన రోజు ఆంగ్ల మాటలు మానేసి అరగంట స్వరాలే పాడాడు. ఒక్కొక్కరికి రెండేసి చక్రాలు ఇవ్వాలి, మిగతావారు ఆ సమయంలో ధ్వని తగ్గించాలి. ఈ రెండో నియమం లేకపోతే జామింగ్ అనేది అందరూ ఒకేసారి మాట్లాడే పంచాయతీ అవుతుంది.

ధ్వని

గదిలో ధ్వని ఎంత ఉండాలన్నది గొంతును బట్టి నిర్ణయించండి. ముందు మైకును ఈల వేయనంత వరకు పెంచి, దాని కంటే ఒక మెట్టు కిందికి దించి ఉంచండి. ఆ గొంతు మీదుగా పోకుండా డ్రమ్మరు వాయించాలి, ఆ డ్రమ్స్‌కు సమానంగా బేస్, అన్నిటికంటే చివర గిటార్లు. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు: గిటారు ముందు పెరుగుతుంది, దాన్ని దాటడానికి డ్రమ్స్, ఆ రెండింటి మధ్య పాడేవారు అరుస్తారు. గిటారు ఆంప్‌ను నేల మీద పెడితే ధ్వని మోకాళ్లకు తగులుతుంది, వాయించేవారికి వినబడక పెంచుతూ పోతారు. కుర్చీ మీద పెట్టి కాస్త పైకి వంచితే సగం ధ్వనికే సరిపోతుంది.

సాధారణంగా వాడే కార్డియాయిడ్ మైకు ముందు నుంచి వచ్చేదాన్ని బాగా, వెనక నుంచి వచ్చేదాన్ని అతి తక్కువగా అందుకుంటుంది కాబట్టి స్పీకరు ఎప్పుడూ మైకు వీపు వైపు ఉండాలి. జాలీని అరచేత్తో కప్పి పట్టుకునే అలవాటు వీడియోల్లో బాగుంటుంది గాని, ఈలకు అదే పెద్ద కారణం.

చెవుల సంగతి తేలికగా తీసుకోకండి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండగలిగితే, మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ వేళ సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క; అంటే 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. చిన్న గదిలో డ్రమ్స్ ఒక్కటే 100ను అందుకోగలవు. మందుల దుకాణంలో దొరికే ఫోమ్ చెవి బిరడాలతో మొదలుపెట్టి, వీలైనప్పుడు సంగీతకారుల కోసం చేసినవి తెప్పించుకోండి.

రికార్డింగు, సర్దుకోవడం

వరుసగా వాయించే భాగాన్ని ఫోన్‌లో రికార్డు చేయండి. డ్రమ్స్‌కు దూరంగా ఉన్న మూలలో, తలెత్తులో, మెత్తటి గుడ్డ మీద పెడితే ధ్వని పగలదు. దాన్ని ఆ రాత్రే గ్రూపులో పెట్టి, ప్రతి ఒక్కరూ తమ తప్పులు మాత్రమే, నిమిషం సెకను గుర్తుతో రాయాలన్న నియమం పెట్టుకోండి. ఎదుటివారి తప్పులు రాసే స్వేచ్ఛ ఇచ్చిన నెలలోనే మా మొదటి డ్రమ్మరు వెళ్లిపోయాడు.

గిటారు తీగలు, గిటారు వైరు చివర ఉండే పీ38 జాక్‌లు, డ్రమ్ స్టిక్స్ రెండో జత ఎప్పుడూ గదిలో ఉంచడానికి నెలకు తలా కొంత కూడబెట్టండి. కావలసిన రకం ఇక్కడ దొరక్కపోతే చెన్నై 130 కిలోమీటర్ల పైచిలుకు దూరం, తెగిన తీగ కోసం ఆదివారం సాయంత్రం ఎవరూ వెళ్లిరాలేరు. చెమటకు తీగలు త్వరగా తుప్పుపడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవడం మరవకండి.

ఆపేటప్పుడు ముందు అన్ని వాల్యూములు సున్నాకు దించి, స్పీకర్లు ఆపి, ఆ తర్వాతే మిక్సరు ఆపాలి; వేసేటప్పుడు మిక్సరు ముందు, స్పీకర్లు చివర. క్రమం తప్పితే వచ్చే ‘ధబ్’ శబ్దం స్పీకరు కోన్‌ను చీల్చగలదు. వైర్లను మోచేతికి బిగించి చుడితే లోపల మెలిపడి తెగుతాయి, ఒక వలయం అటు, ఒక వలయం ఇటు తిప్పుతూ వదులుగా చుట్టండి. ఈ పని జరుగుతుండగానే వచ్చే వారం ఏ పాట, ఏ శ్రుతి, ఏ రెండు అతుకులు అన్నది నక్షా వెనక రాసి ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. తాళం చెవి నెలకొకరి దగ్గర ఉండాలి.